క్రిబ్ నుంచి సొంత మంచానికి: ముందు గది, ఆ తర్వాతే మంచం

"మావాడు క్రిబ్ ఎక్కి దూకేస్తున్నాడు, ఏ మంచం కొనమంటారు?" అని నెలకి ఇద్దరు ముగ్గురైనా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలుముక్కలుగా చెప్పేకన్నా మొత్తం ఒకచోట రాసేస్తే పోతుందని కూర్చున్నాను. ఒక్క మాట ముందే చెప్తాను: ఏ మంచం అన్నది ఇందులో దాదాపు చివరి ప్రశ్న. ఇన్నాళ్లూ రాత్రంతా కాపలా కాసింది ఆ క్రిబ్ ఊచలు. అవి పోయాక ఆ కాపలా గది కాయాలి.

మా పెద్దదాని టైమ్‌లో నాకిది తెలీదు. ముచ్చటపడి రంగుల మంచం కొన్నాం, దానికి మ్యాచింగ్ దుప్పటి, దిండు గలీబు అన్నీ. మూడో రోజు రాత్రి రెండున్నరకి ఏదో చప్పుడైతే లేచి చూశాను, మంచం ఖాళీ. బాత్రూంలో లైటు కూడా లేదు, ఆ చీకట్లో నిండా నీళ్లున్న బకెట్ అంచు పట్టుకుని మగ్గుతో ఆడుకుంటోంది, గౌను ముందంతా తడి. దానికేమీ కాలేదు గానీ నాకు మాత్రం తెల్లారేదాకా కన్ను మూతపడలేదు. అందుకే ఇక్కడ గది గురించి ఎక్కువ రాస్తాను, మంచం గురించి తక్కువ.

## 1. నిజంగా మార్చే టైమ్ వచ్చిందా?

పక్క ఫ్లాట్ వాళ్ల పాప ఏడాదిన్నరకే మంచం మీద పడుకుంటోందని మనం పరుగెత్తక్కర్లేదు. క్రిబ్‌లో హాయిగా నిద్రపోతూ, దాటే ప్రయత్నం చేయని పిల్లల్ని ఎత్తు సరిపోయినంత కాలం అందులోనే ఉంచండి. మూడేళ్లకి ఎంత దగ్గరైతే మీ పని అంత తేలిక, ఎందుకంటే "పిలిచేదాకా మంచం దిగొద్దు" అనే మాట అర్థమై, అది అర్ధరాత్రి గుర్తుకొచ్చేసరికి ఆ వయసు రావాల్సిందే.

అయితే ఇవి కనిపిస్తే ఆగొద్దు:

- పిల్లల ఎత్తు 89 సెంటీమీటర్లకి, అంటే 35 అంగుళాలకి చేరింది.
- పరుపు మీద నిలబడితే క్రిబ్ పై అంచు పిల్లల ఎత్తులో ముప్పావు వంతుకన్నా కిందకి వచ్చింది. ఈ రెండు లెక్కలూ అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేవే. ఉదాహరణకి పాప 84 సెంటీమీటర్లు ఉంటే, పరుపు నుంచి పై అంచుకి కనీసం 63 సెంటీమీటర్లు ఉండాలి.
- అంచు మీదకి కాలు వేసేశాడు. ఒక్కసారి వేసినా చాలు, రెండోసారి కోసం చూడకండి.

కాలు వేశాడని కంగారుపడే ముందు ఒక్క నిమిషం వంగి చూడండి. పరుపు పెట్టే పలక అట్టడుగు మెట్టుకే దించారా? చాలామంది నాలుగో నెలలో పెట్టిన మెట్టు మీదే ఉంచేస్తారు. లోపల పెద్ద టెడ్డీబేర్, గుండ్రటి దిండు లాంటివి ఉంటే వాడికి అవే నిచ్చెన. అవి తీసేస్తే ఇంకో రెండు నెలలు గడిచిపోవచ్చు, ఎత్తు లెక్క దాటనంత వరకు.

చీర ఉయ్యాలలో పడుకునే పిల్లలకి ఈ లెక్కలేవీ వర్తించవు. బోర్లాపడటం, లేచి కూర్చోవడం మొదలవగానే ఉయ్యాల మానేయాలి. వాళ్లు మధ్యలో క్రిబ్ ఏదీ లేకుండా నేరుగా నేల మీది పరుపుకి రావచ్చు.

## 2. ఇప్పుడు వద్దు అనాల్సిన సందర్భాలు

ఎక్కువమంది అడిగేది రెండో కాన్పు ముందు. "పుట్టబోయే బిడ్డకి క్రిబ్ కావాలి కదా, పెద్దవాణ్ని దించేద్దాం" అని. కొత్త బిడ్డకి మొదటి నెలలు ఉయ్యాలతోనో, బాసినెట్ అనే చిన్న తొట్టెతోనో గడిచిపోతాయి, క్రిబ్ కోసం తొందరేం లేదు. పెద్దవాణ్ని దించేస్తే కాన్పుకి రెండు మూడు నెలల ముందే దించేయండి. కుదరకపోతే బిడ్డ పుట్టాక ఇంకో రెండు నెలలు ఆగండి. తన చోటు లాక్కుని చెల్లికి ఇచ్చారన్న బాధ ఆ వయసు పిల్లలకి మాటల్లో చెప్పడం రాదు, రాత్రిళ్లు ఏడ్చి చూపిస్తారు.

ఇంకొకటి మనకి ప్రత్యేకంగా ఉండేది. ఏడో నెలలో పుట్టింటికి వెళ్తున్నారనుకోండి, పెద్ద పిల్లాడూ మీతోనే వస్తాడు, అక్కడ నాలుగైదు నెలలు అమ్మమ్మ పక్కలో పడుకుంటాడు. మీరు వెళ్లే ముందు పడ్డ కష్టమంతా గోదాట్లో పోసినట్టే. తిరిగొచ్చి, రెండు వారాలు పాత అలవాట్లలో కుదురుకున్నాక మొదలుపెట్టండి.

కిందివాటిలో ఏదైనా నడుస్తుంటే మూడు వారాలు వాయిదా:

- డైపర్ మాన్పించడం, పాల సీసా మాన్పించడం
- ప్లేస్కూల్లో చేర్చిన కొత్త
- ఇల్లు మారడం, లేదా పండక్కి ఊరెళ్లి రావడం
- జ్వరం, జలుబు, దవడపళ్లు వస్తున్న రోజులు

క్రిబ్ దాటి దూకేస్తుంటే మాత్రం వాయిదాలు లేవు. ఆ రాత్రికే క్రిబ్‌లోని పరుపు తీసి నేల మీద వేసేయండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

## 3. మంచం మార్చడం వేరు, గది మార్చడం వేరు

ఈ రెంటినీ కలిపేయడమే నేను చూసిన పెద్ద తప్పు. మన ఇళ్లలో ఎక్కువగా క్రిబ్ అమ్మానాన్నల గదిలోనే ఉంటుంది. మంచం కొన్నాం కదా అని అదే రోజు పక్క గదికి పంపిస్తే, పిల్లకి ఒకేసారి మంచం కొత్త, గది కొత్త, చీకటి కొత్త, పక్కన అమ్మ లేకపోవడం కొత్త.

ముందు క్రిబ్ ఉన్న చోటే మంచం వేయండి. అక్కడ నెల, నెలన్నర బాగా పడుకున్నాక, ఆ మంచాన్నే కావాలంటే పక్క గదికి మార్చండి. అసలు మార్చకపోయినా ఏమీ కాదు. వేరే గదిలో పడుకోబెడితేనే పిల్లలకి ధైర్యం వస్తుందనే మాట నేను నమ్మను, ఐదేళ్లదాకా మా గదిలోనే పడుకున్న మా పెద్దది ఇప్పుడు మా అందరికన్నా ధైర్యస్థురాలు.

మా అత్తగారు మొదట్లో గొణిగేవారు, "అంత చంటిదాన్ని విడిగా పడేస్తారటమ్మా?" అని. "విడిగా ఎక్కడత్తయ్యా, మూడడుగుల దూరంలో మేమే ఉన్నాం కదా" అన్నాను. చెయ్యి చాపితే అందే దూరంలో మంచం చూశాక ఆవిడే జోలపాట డ్యూటీ తీసుకున్నారు.

## 4. గదిని సిద్ధం చేయడం

మంచం ఆర్డర్ పెట్టే ముందే ఈ పని పూర్తవాలి. పిల్ల లేని టైమ్ చూసి గది మధ్యలో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి. మీ కళ్లు ఇప్పుడు దాని కళ్ల ఎత్తులో ఉన్నాయి. అక్కడినుంచి ఏం కనిపిస్తుంది, ఏం అందుతుంది, దేన్ని పట్టుకుని దేని మీదకి ఎక్కొచ్చు? "రాత్రి మూడింటికి ఇది ఒక్కతే లేచి, మేము ఇరవై నిమిషాలు మేలుకోకపోతే ఏం జరగొచ్చు" అన్నదొక్కటే ప్రశ్న.

బాత్రూం. నా మొదటి భయం ఇదే. ఆ వయసు పిల్లలకి తల బరువు ఎక్కువ. బకెట్‌లోకి తలకిందులుగా పడితే తిరిగి లేవలేరు, రెండంగుళాల నీళ్లు చాలు ప్రమాదానికి. పొద్దున నీళ్లు రావని రాత్రే బకెట్లు, డ్రమ్ములు నింపి పెట్టుకునే ఇళ్లు మనలో ఎన్నో. నింపుకోక తప్పకపోతే బాత్రూం తలుపుకి బయటివైపు, పెద్దవాళ్ల భుజం ఎత్తులో ఒక గడియ బిగించండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు టవర్ బోల్టు సరిపోతుంది, స్క్రూ డ్రైవర్ ఉంటే పావుగంట పని.

గది తలుపు. మనందరం పిల్ల బయటికి పోతుందేమోనని భయపడతాం గానీ లోపల గడియ పెట్టేసుకుంటే? తలుపు కింద భాగంలో ఉండే బోల్టు, నాబ్‌కి ఉండే నొక్కుడు బటన్ రెండేళ్ల పిల్లకి ఆటవస్తువులు. కింది బోల్టు విప్పేయండి. నాబ్ లాక్ అయితే దాని తాళంచెవి గుమ్మం బయట పైన మేకుకి వేలాడదీసి, అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ చెప్పండి. వీధి తలుపుకి పై గడియ రోజూ వేయాల్సిందే.

బీరువా, అల్మరా, సొరుగుల బల్ల. పిల్లలు సొరుగులు లాగి మెట్లలాగా ఎక్కుతారు, మొత్తం మీద పడుతుంది. ఎల్-క్లాంపుతో గోడకి బిగించండి. స్టాండ్ మీద నిలబెట్టిన టీవీకి కూడా ఇదే మాట. అద్దింట్లో గోడకి చిల్లు పెట్టనివ్వరంటే అలాంటి ఎత్తు సామానుని ఈ గదిలోంచి తీసేయడం ఒక్కటే దారి.

దోమల మందు మెషిన్. మంచం పక్క ప్లగ్‌లోనే పెడతాం, రాత్రంతా ఎర్రలైటు వెలుగుతుంటుంది, పిల్లకి అంతకన్నా ఆకర్షణ ఏముంటుంది? లోపలిది మింగితే ప్రమాదం. పై ప్లగ్‌కి మార్చండి, లేదా దోమతెర కట్టి అసలు మానేయండి. నేల దగ్గరుండే సాకెట్లకి మూతలు పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు గదిలో ఉండకూడదు.

కర్పూరం, కలరా ఉండలు. విదేశీ జాబితాల్లో ఇవి పెద్దగా కనిపించవు, మన ఇళ్లలో ఉంటాయి. కర్పూరం బిళ్లలు చూడ్డానికి పటిక బెల్లం ముక్కల్లా ఉంటాయి, చిన్న పిల్లలు కొద్దిగా మింగినా ఫిట్స్ రావచ్చు. బట్టల మధ్య పెట్టే కలరా ఉండలూ అంతే ప్రమాదం. దేవుడి గూడు అదే గదిలో కింది అరలో ఉంటే, అగ్గిపెట్టె, కర్పూరం, నూనె సీసా అన్నీ పై అరకి. జండూబామ్‌లాంటి డబ్బాలు, బిళ్లలు, రిమోట్లలోని బటన్ బ్యాటరీలు కూడా.

కిటికీ, బాల్కనీ. కిటికీ కింద మంచం, కుర్చీ, పెట్టె ఏదీ వద్దు. గ్రిల్లు ఉన్నా వద్దు, ఎక్కడం అక్కడే నేర్చుకుంటారు. బాల్కనీ తలుపు పై బోల్టు వేసి ఉండాలి. కర్టెన్, బ్లైండ్ తాళ్లు చేతికి అందకుండా పైకి చుట్టేయండి.

మెడలో తాయెత్తు, గొలుసు. పడుకునే ముందు తీసేయండి. మంచం కోడుకో, కమ్మీకో తగులుకుంటే మెడకి బిగుసుకుంటుంది. దిష్టికైతే మొలతాడు చాలు, పెద్దవాళ్లూ ఒప్పుకుంటారు.

పడుకోబెట్టే ముందు రోజూ చూసుకోవాల్సినవి (మేము తలుపు వెనక అతికించుకున్నాం):

- [ ] బాత్రూం గడియ వేశామా, బకెట్లు ఖాళీయేనా
- [ ] బాల్కనీ, వీధి తలుపు పై గడియలు
- [ ] వంటింట్లో గ్యాస్ రెగ్యులేటర్ ఆఫ్
- [ ] నేల మీద కాలికి తగిలే బొమ్మలు, వైర్లు లేవు
- [ ] మెడలో ఏమీ లేదు
- [ ] బెడ్‌లైట్ వెలుగుతోంది

## 5. ఏ మంచం, ఏ పరుపు

నా సలహా: ముందు మంచమే కొనకండి. నాలుగు నుంచి ఆరు అంగుళాల మందం ఉన్న సింగిల్ పరుపు కొని నేల మీద వేయండి. కింద పడుకోవడం మనకి కొత్తేం కాదు, పడితే ఆరంగుళాలు పడుతుంది, ఏడుపు కూడా రాదు. ఆర్నెల్ల తర్వాత అదే పరుపుకి మంచం చేయించుకోవచ్చు. సింగిల్ పరుపులు 72 × 36, 75 × 36 అంగుళాల కొలతల్లో దొరుకుతాయి, పదేళ్లు వచ్చేదాకా సరిపోతుంది.

నేల మీది పరుపుకి రెండు చిక్కులున్నాయి. ఒకటి చెమ్మ. రాత్రంతా ఒంటి వేడికి అడుగున తడి చేరి, వానాకాలంలో నెల తిరక్కుండానే బూజు పడుతుంది. రోజూ పొద్దున్నే పరుపు ఎత్తి గోడకి ఆనించాలి, కింద చాప వేయాలి, వారానికోసారి ఎండలో పెట్టాలి. రెండోది ఇంకా ముఖ్యం. పల్లెల్లో, పొలాల పక్కన, కింది పోర్షన్లలో ఉండేవాళ్లు నేల మీద పడుకోబెట్టొద్దు. కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకి వచ్చి నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది, ఆ కాటు నొప్పి కూడా సరిగ్గా తెలియదు. అలాంటి చోట పొట్టి మంచం, పరుపు కిందకి నాలుగువైపులా దోపిన దోమతెర తప్పనిసరి.

మంచమే కావాలంటే పిల్ల మోకాలి ఎత్తుకి మించకూడదు. అంచున కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలి. వడ్రంగి చేత చేయిస్తుంటే ఈ కాగితం చేతిలో పెట్టండి:

- మూలలు గుండ్రంగా, కోళ్ల మీద పొడుచుకొచ్చే గుబ్బలు వద్దు
- తలవైపు పలకలో డిజైన్ కోసం రంధ్రాలు, కటింగులు వద్దు
- పరుపుకీ చట్రానికీ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు ఉండకూడదు
- ఊచలు పెడితే మధ్య ఎడం 6 సెంటీమీటర్లు దాటొద్దు
- మేకులు కాదు, స్క్రూలు, బోల్టులు

అమెరికాలో ఉన్నవాళ్లకి కన్వర్టబుల్ క్రిబ్ ఉంటే పనే లేదు. ముందువైపు కమ్మీ తీసి, కంపెనీ ఇచ్చే పొట్టి అడ్డు బిగిస్తే చాలు, పరుపు అదే.

విడిగా అమ్మే బెడ్ రెయిల్స్, అంటే మంచం అంచుకి బిగించే అడ్డుకమ్మీలు, రెండేళ్లు నిండని పిల్లలకి వాడకూడదు, అవి రెండు నుంచి ఐదేళ్ల వాళ్ల కోసం. సరిగ్గా బిగించకపోతే పరుపుకీ రెయిల్‌కీ మధ్య సందులో పిల్ల ఇరుక్కుంటుంది, అది పడటం కన్నా ప్రమాదం. బిగించాక మోకాలితో పరుపుని గట్టిగా లోపలికి తొయ్యండి, సందు కనిపించిందంటే ఆ రెయిల్ వద్దు. ఇక రెండంతస్తుల మంచం మీద పై మంచం ఆరేళ్లు నిండేదాకా మాట్లాడొద్దు. పైగా మన ఇళ్లలో పైన తిరిగే ఫ్యాన్ ఉంటుంది.

పరుపు గట్టిగా ఉండాలి. అరచేతితో నొక్కి వదిలితే వెంటనే పైకి రావాలి, గుంట అలాగే ఉండిపోతే వద్దు. పాత దూది పరుపు మధ్యలో పల్లంపడి ఉంటే తిరగ ఏకించకుండా వేయొద్దు. పరుపు మీద తడి ఇంకని ప్రొటెక్టర్, దాని మీద అంచులకి ఎలాస్టిక్ ఉన్న దుప్పటి. ఇవి రెండేసి జతలు ఉంచుకోండి, ఎందుకో మొదటి వారంలోనే తెలుస్తుంది. దిండు రెండేళ్లు దాటాకే, అదీ పల్చటిది.

## 6. ఎక్కడ వేయాలి

మంచం గోడకి ఆనిస్తే పూర్తిగా ఆనించండి, చెయ్యి కూడా దూరకూడదు. లేదా కనీసం అడుగున్నర దూరం జరపండి. మధ్యస్థంగా నాలుగంగుళాల సందు వదలడమే అన్నిటికన్నా చెడ్డది, పిల్ల జారి అందులో ఇరుక్కుంటుంది. ఇల్లు తుడిచేవాళ్లు మంచం కాస్త జరిపి వెళ్తుంటారు, రాత్రి పడుకోబెట్టే ముందు ఒకసారి లోపలికి తొయ్యండి.

ఏసీ గాలి నేరుగా ముఖానికి తగలకూడదు. కూలర్ వాడే ఇళ్లలో కూలర్ నీళ్లు, వైరు పిల్లకి అందే చోట ఉండకూడదు, కాబట్టి మంచం దానికి దూరంగా. ఉత్తరం వైపు తల పెట్టొద్దని పెద్దవాళ్లు అంటే దాని మీద గొడవపడకండి, మంచం తిప్పితే పోయేదానికి.

పడే వైపు నేల మీద పాత బొంత నాలుగు మడతలు వేసి పరవండి, దిండ్లు వరుసగా పేర్చకండి. దిండ్ల గోడ ఎక్కి అవతల ఇంకా ఎత్తు నుంచి పడతారు.

## 7. మొదటి వారం

ముందు రోజు. పరుపు లేదా మంచం వేసి, పగలంతా దాని మీద ఆడుకోనివ్వండి. దుప్పటి బిగించడంలో సాయం చేయించండి. "నీ మంచం" అని ఒకటి రెండుసార్లు అనండి చాలు, "ఇప్పుడు నువ్వు పెద్దదానివైపోయావ్, ఏడవకూడదు" లాంటి ఉపన్యాసాలు వద్దు, అవి భయం పెంచుతాయి.

మొదటి రాత్రి. క్రిబ్‌లో వాడిన దుప్పటి ఉతక్కుండా అలాగే తెచ్చి కప్పండి. కొత్త దుప్పటి వాసన కొత్త, పాతదానికి తన వాసన ఉంటుంది. రోజూ చేసే వరస మార్చకండి: స్నానం, అన్నం, పళ్లు తోమడం, ఒక కథ, లైటు ఆర్పడం. ఇలా ఒక వరస ఇప్పటిదాకా లేకపోతే మంచం మార్చడానికి రెండు వారాల ముందే క్రిబ్‌లోనే మొదలుపెట్టండి.

టైమ్ గురించి ఒక మాట. మన ఇళ్లలో సీరియల్ అయ్యేదాకా, నాన్న ఆఫీసు నుంచి వచ్చేదాకా పిల్లలు మెలకువగా ఉంటారు. ఏడాది నుంచి రెండేళ్ల వాళ్లకి పగటి నిద్రతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. పదిన్నరకి పడుకోబెట్టి ఏడింటికి లేపేస్తే ఎక్కడ సరిపోతుంది? పైగా నిద్ర చాలని పిల్లలే ఎక్కువ మారాం చేస్తారు. ఎనిమిదిన్నరకల్లా గది చీకటి చేయగలిగితే సగం పని అయినట్టే.

పగటి నిద్ర ముందా, రాత్రి నిద్ర ముందా? కొందరు పగటి నిద్రతో మొదలుపెట్టమంటారు. నేను రాత్రితోనే మొదలుపెడతాను, అప్పుడు నిద్ర ముంచుకొస్తుంటుంది కాబట్టి పేచీ తక్కువ. రాత్రిళ్లు కుదురుకున్న నాలుగైదు రోజులకి పగలు కూడా. ఏది చేసినా క్రిబ్ మాత్రం గదిలో కళ్లెదురుగా ఉంచకండి, "అందులోనే" అని అటు వేలు చూపిస్తుంది.

పక్కన పడుకునే అలవాటు. నిద్రపట్టేదాకా పక్కన పడుకోవడం తప్పేం కాదు. కానీ మంచం చిన్నది, మీరు దాని మీదే పడుకుంటే రోజూ మీకే ముందు నిద్రపడుతుంది. మూడు నాలుగు రాత్రులు పక్కన నేల మీద పడుకోండి, తర్వాత మూడు రాత్రులు పక్కన కూర్చోండి, ఆ తర్వాత తలుపు దగ్గర కుర్చీలో. వెనక్కి జరుగుతున్నట్టు తెలియకూడదు.

## 8. లేచి వచ్చేస్తే

వస్తారు. రెండో రాత్రి నుంచి ఎక్కువగా వస్తారు, మొదటి రాత్రి కొత్త మోజులో పడుకుంటారు.

చేయాల్సింది విసుగు పుట్టించేంత సులువు. చెయ్యి పట్టుకుని తిరిగి తీసుకెళ్లి పడుకోబెట్టి, "రాత్రి అయింది, పడుకో నాన్నా" అని ఒకే మాట చెప్పి వచ్చేయాలి. లైటు వేయొద్దు, ఎత్తుకుని తిప్పొద్దు, తిట్టొద్దు, ఫోను చూపించొద్దు. మంచినీళ్లు అడిగితే ఒక్కసారి. మా చిన్నాడు మొదటి వారంలో ఒక రాత్రి పద్నాలుగు సార్లు వచ్చాడు, నేను లెక్కపెట్టాను, ఎందుకంటే లెక్కపెట్టకపోతే ఏడుపొచ్చేది. మర్నాడు తొమ్మిది. నాలుగో రోజుకి రెండు.

ఇంట్లో అందరూ ఒకేమాట అనాలి, ఇదే అసలు కష్టం. అమ్మ తిరిగి పడుకోబెడుతుంటే తాతగారు "రా నా బంగారం" అని తన పక్కలోకి లాక్కుంటే, పిల్ల రేపు నేరుగా తాతగారి దగ్గరికే పోతుంది. ముందే కూర్చోబెట్టి "పది రోజులు మాకోసం ఓపిక పట్టండి నాన్నగారూ" అని అడగండి, పదకొండో రోజు పొద్దున్న ఎలాగూ ఆయన దగ్గరికే పంపుతారు.

బయటినుంచి గడియ పెట్టేయడం మాత్రం చేయకండి. మంటలు గానీ పొగ గానీ వస్తే ఆ గడియే శాపమవుతుంది, పైగా పిల్ల దృష్టిలో ఆ గది జైలైపోతుంది.

## 9. తరచూ వచ్చే చిక్కులు

ఐదింటికే లేచి కూర్చుంటోంది. కిటికీ చూడండి, వెలుతురు వస్తోందేమో. మందం పరదా వేయండి. గుడి మైకు, పాలవాడి బండి లాంటివి మన చేతిలో లేవు, ఫ్యాన్ చప్పుడు వాటిని కొంత కప్పేస్తుంది.

మంచం మీద ఎగురుతోంది. పగలు కాసేపు పార్కులో పరుగెత్తించండి. పడుకునే ముందు గంట టీవీ, ఫోను ఆపేయండి. మరీ ఎగిరితే మంచం చట్రం తీసేసి పరుపు నేల మీదకి దించండి.

దొర్లి దొర్లి అంచుకి వస్తోంది. రెండేళ్లు దాటినవాళ్లకైతే మందపాటి తువ్వాలు గట్టిగా చుట్టి, అంచు పొడవునా పరుపుకీ బిగుతు దుప్పటికీ మధ్య పెట్టండి. దుప్పటి పైన పెడితే జరిగిపోతుంది.

పక్క తడిపేస్తోంది. మంచం మార్చినప్పుడు కొన్నాళ్లు మామూలే. మార్చే ముందు డైపర్ మానేసినా, రాత్రికి మళ్లీ వేస్తే నామోషీ ఏం లేదు. ప్రొటెక్టర్, దుప్పటి, దాని మీద మళ్లీ ప్రొటెక్టర్, దుప్పటి, ఇలా రెండు వరసలు వేసి ఉంచండి. అర్ధరాత్రి పై వరస లాగి పడేస్తే చాలు.

మూడు వారాలైనా కుదరలేదు, రోజూ ఏడుపే. దూకే ప్రమాదం లేదు, ఎత్తు లెక్క కూడా దాటలేదు అంటే క్రిబ్ మళ్లీ బిగించండి. రెండు నెలలాగి మళ్లీ ప్రయత్నించండి. ఓడిపోయినట్టేం కాదు, మా చెల్లెలు ఇదే చేసింది, రెండోసారి నాలుగు రోజుల్లో అయిపోయింది.

## 10. పడితే ఏం చేయాలి

పొట్టి మంచం మీంచి పడి వెంటనే ఏడ్చి, ఐదు పది నిమిషాల్లో మామూలుగా ఆడుకుంటుంటే సాధారణంగా భయం లేదు. బొప్పికి తడిగుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, ఒక రోజంతా గమనిస్తూ ఉండండి.

ఇవి కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా ఆసుపత్రికి, లేదా 108కి ఫోన్:

- కాసేపైనా స్పృహ తప్పడం, ఫిట్స్
- మళ్లీ మళ్లీ వాంతులు
- లేపినా సరిగ్గా లేవకపోవడం, మత్తుగా ఉండటం, ఆగని ఏడుపు
- ముక్కు, చెవుల నుంచి రక్తం గానీ నీళ్లలాంటి ద్రవం గానీ కారడం
- నడక తూలడం, చెయ్యి కాలు కదపకపోవడం

ఏడాదిలోపు పిల్ల పడితే ఇవేవీ లేకపోయినా డాక్టర్‌కి చూపించండి.

## 11. ఖాళీ అయిన క్రిబ్

నెల రోజులు ఎవరికీ ఇవ్వకండి, పైన చెప్పినట్టు అవసరం పడొచ్చు. విప్పి అటక మీద పెట్టేటప్పుడు బోల్టులు, ఎల్-కీ అన్నీ ఒక జిప్ కవర్లో వేసి, ఆ కవర్ని చట్రానికే టేపుతో చుట్టేయండి. విప్పే ముందు నాలుగు మూలల్నీ ఫోనులో ఫొటో తీసుకోండి. మేము రెండూ చేయలేదు, మా మరిదికి ఇచ్చేటప్పుడు ఇల్లంతా గాలించినా మూడు బోల్టులు దొరకలేదు.

వేరేవాళ్లకి ఇస్తున్నా, వాళ్ల దగ్గర తీసుకుంటున్నా ఊచల మధ్య ఎడం టేపు పెట్టి కొలవండి, ఇక్కడా 6 సెంటీమీటర్ల లెక్కే. పక్క కమ్మీ కిందకి జారే రకం పాత క్రిబ్ అయితే ఎవరికీ ఇవ్వొద్దు, ఆ కమ్మీ ఊడి సందులో పసిపిల్లలు ఇరుక్కుని చనిపోయారు, అమెరికాలో 2011లో వాటి అమ్మకమే నిషేధించారు. అలాంటిదైతే చెక్క ముక్కలుగా విడగొట్టించి పాత సామాన్లవాడికి వేసేయండి.